ఆటోమేషన్ వచ్చాక ఆఫీసులో పని ఎవరి చేతికి పోతుంది?

క్లుప్తంగా

ఆటోమేషన్ పెట్టినచోట పని మొత్తం మాయమైపోవడం అరుదు. చాలావరకు అది చేతులు మారుతుంది. క్లర్క్ చేసింది కస్టమర్ చేస్తాడు, లేదా ఆఫీసు బయట కూర్చున్న దళారీ చేస్తాడు, లేదా ఎక్కడో హెల్ప్‌లైన్‌లో కూర్చున్న కొద్దిమంది చేస్తారు. కాగితం మీదున్న రూలు యంత్రానికి ఎక్కుతుంది గానీ, ఉద్యోగులు రోజూ చేసే రాయని సర్దుబాట్లు ఎక్కవు. ఎక్కువ ఫలితం వచ్చినచోట్ల యంత్రంతో పాటు రూలూ మారింది. ఎక్కువ నష్టం జరిగినచోట్ల తేడా కేసులు ఎవరు చూడాలో ముందు తేల్చుకోలేదు.

*

"మన ఆఫీసులో కూడా ఆటోమేషన్ పెడుతున్నారట" అనే మాట ఇప్పుడు బ్యాంకుల్లో, ఆస్పత్రుల బిల్లింగ్ సెక్షన్లలో, కాలేజీ ఆఫీసుల్లో, హైదరాబాద్ బ్యాక్ ఆఫీసుల్లో అంతటా వినిపిస్తోంది. విన్నవాళ్లకి ముందు పట్టుకునే టెన్షన్ ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని. పెట్టేవాళ్లకి ఉండే ఆశ ఖర్చు తగ్గుతుందని. కొన్నాళ్లయ్యాక చూస్తే చాలాచోట్ల ఈ రెండూ అనుకున్నంతగా జరగవు, క్యూ మాత్రం కౌంటర్ దగ్గర నుంచి హెల్ప్‌లైన్‌కి మారుతుంది. ఇందులో వింతేమీ లేదు, నలభై ఏళ్లుగా ఇదే పద్ధతిలో జరుగుతోంది, మన బ్యాంకుల చరిత్ర చూసినా తెలుస్తుంది.

ఒకే మాట, వేర్వేరు పనులు

గందరగోళం సగం ఆ మాట దగ్గరే మొదలవుతుంది. కాగితం మీదున్నదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడాన్నీ ఆటోమేషన్ అంటున్నారు, ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి దానంతటదే వెళ్లేలా చేయడాన్నీ అంటున్నారు, మంజూరు చేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌కి వదిలేయడాన్నీ అదే పేరుతో పిలుస్తున్నారు. ఈ మూడింటికీ ఖర్చు వేరు, ముప్పు వేరు.

ప్రభుత్వ ఆఫీసుల్లో వాడే ఈ-ఆఫీస్‌నే తీసుకుంటే, జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ఈ వ్యవస్థలో అటెండర్ మోసుకెళ్లే ఫైలు స్క్రీన్ మీద కదులుతుంది. ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఆగిందో కనిపిస్తుంది, ఫైలు పోయిందనే మాట ఉండదు. ఇవి చిన్న లాభాలు కావు. అయితే పాత పద్ధతిలో ఒక ఫైలుకి ఆరు సంతకాలు కావాలంటే కొత్త పద్ధతిలోనూ ఆరు సంతకాలే కావాలి.

కంపెనీల్లో ఈమధ్య ఎక్కువగా వాడుతున్న ఆర్‌పీఏ (రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్) బాట్ల కథ ఇంకొంచెం వేరు. బాట్ అంటే, ఉద్యోగి ఏ స్క్రీన్ తెరిచి, ఏ గడిలోంచి నంబరు తీసి, ఇంకో స్క్రీన్‌లో ఎక్కడ వేస్తాడో అదంతా అలాగే చేసే ప్రోగ్రామ్. కింద ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోనక్కర్లేదు కాబట్టి కొన్ని వారాల్లోనే పెట్టేయొచ్చు, అందుకే దానికంత ఆదరణ. బలహీనతా అక్కడే ఉంది. స్క్రీన్‌లో ఒక గడి పక్కకి జరిగినా, లాగిన్ పద్ధతి మారినా బాట్ ఆగిపోతుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఆగకుండా తప్పు గడిలోంచి నంబర్లు తీసుకుంటూ పోవడం. పది బాట్లు పెట్టినప్పుడు ఇది తెలియదు. రెండు వందలు పెట్టాక వాటిని చూసుకోవడానికే ఒక టీమ్ కావాల్సి వస్తుంది.

లెడ్జర్ల బ్యాంకులో ఏం జరిగింది

1980ల్లో బ్యాంకులో డబ్బు తీసుకోవడం ఎలా ఉండేదో అప్పటివాళ్లకి బాగా గుర్తుంటుంది. కౌంటర్‌లో చెక్కు ఇస్తే ఇత్తడి టోకెన్ చేతిలో పెట్టేవారు. క్లర్క్ లెడ్జర్ అనే లావుపాటి ఖాతాల పుస్తకం తీసి పేజీ వెతికి పోస్టింగ్ వేసేవాడు, అంటే ఆ లావాదేవీని ఖాతాలో రాసేవాడు. ఆఫీసర్ నమూనా సంతకం కార్డు తీసి చెక్కు మీది సంతకంతో పోల్చి పాస్ చేసేవాడు. ఆ తర్వాత క్యాషియర్ టోకెన్ నంబరు పిలిచేవాడు. ఇదంతా కస్టమర్‌కి కనిపించే భాగం. కనిపించని భాగం ఇంకా పెద్దది: విడివిడి ఖాతాలన్నీ కూడితే జనరల్ లెడ్జర్‌లోని మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే తేడా ఎక్కడుందో వెతకాలి, బ్యాలెన్సింగ్ అని పిలిచే ఈ పని చాలా బ్రాంచీల్లో నెలల తరబడి బకాయి పడేది. అర్ధ సంవత్సరం ముగింపు వస్తే వడ్డీ లెక్కల కోసం రాత్రిళ్లు కూర్చునేవారు.

ఇక్కడికి యంత్రాలు ఒక్కసారిగా రాలేదు. 1983లో బ్యాంకుల సంఘానికీ ఉద్యోగ సంఘాలకీ కుదిరిన ఒప్పందం పరిమితంగా, ఏ రకం యంత్రాలు ఎన్ని అన్న లెక్కతో అనుమతించింది. అప్పుడు రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్‌గా ఉన్న సి. రంగరాజన్ నాయకత్వంలోని కమిటీ 1984లో ఒక నివేదిక, 1989లో ఇంకొకటి ఇచ్చింది. లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు బ్రాంచీల్లోకి ఆ దశలోనే వచ్చాయి. కంప్యూటరీకరణను బాగా విస్తరించడానికి 1993 ఒప్పందం దారి తీసింది. బ్యాంకుల టెక్నాలజీ కోసమే 1996లో రిజర్వ్ బ్యాంక్ హైదరాబాద్‌లో ఐడీఆర్‌బీటీ అనే సంస్థను పెట్టింది. 1998లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ కూడా ఇందులోకి వచ్చింది. ప్రభుత్వ రంగ బ్యాంకులు 2001 జనవరి 1 కల్లా తమ వ్యాపారంలో 70 శాతాన్ని కంప్యూటర్లలోకి తేవాలని ఆదేశించింది. అవినీతిని పట్టే సంస్థ కంప్యూటర్ల గురించి ఎందుకు మాట్లాడిందంటే, బ్యాలెన్సింగ్ బకాయి ఉన్నచోట మోసం దాగడం సులువు. బ్రాంచీలన్నిటినీ ఒకే కేంద్రానికి కలిపే కోర్ బ్యాంకింగ్ ఆ తర్వాతి దశాబ్దంలో పూర్తయింది.

దీంతో పోస్టింగ్, బ్యాలెన్సింగ్ అనే పనులు నిజంగానే పోయాయి. వాటిని తలుచుకుని బాధపడేవాళ్లు కూడా ఉండరు. కానీ వాటితో పాటు ఇంకొకటి కూడా పోయింది, దాన్ని ఎవరూ లెక్కలో రాయలేదు. పాతరోజుల్లో క్లర్క్ ఖాతా నంబరు చూసేవాడు, పక్కనే పేరు కూడా చూసేవాడు. నంబరులో ఒక అంకె తప్పు పడితే "ఇది వేరే ఆయన ఖాతా కదండీ" అనేవాడు. ఈ పని ఆయన ఉద్యోగ వివరాల్లో ఎక్కడా లేదు, కళ్లు చేసే పని అది. ఎలక్ట్రానిక్ బదిలీలు వచ్చాక, డబ్బు జమ చేయడానికి ఖాతా నంబరు ఒక్కటే ఆధారమని, అది సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవాళ్లదేనని 2010లో రిజర్వ్ బ్యాంక్ స్పష్టం చేసింది. ఫారంలో పేరు రాసినా దాన్ని పోల్చేవాళ్లు లేరు. తప్పు అంకె కొట్టి డబ్బు వేరేవాళ్లకి పంపి, వెనక్కి రప్పించుకోవడానికి తిప్పలు పడే పరిస్థితి అలా వచ్చింది. చివరికి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపేముందు అవతలి ఖాతాదారు పేరు కనిపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి చెప్పింది. అంటే క్లర్క్ కంటిచూపుతో చేసిన పనిని మళ్లీ వ్యవస్థలోకి తేవడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఏ సంస్థలో ఆటోమేషన్ గురించి మాట్లాడుకున్నా ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగడం మంచిది. తీసేసిన పనుల జాబితా అందరూ రాస్తారు, ఆ పనుల మధ్యలో ఎవరూ చెప్పకుండానే జరిగిపోతున్న తనిఖీల జాబితా రాసేవాళ్లు తక్కువ.

పదో తారీఖు రూలు

బ్యాంకుల నుంచే ఇంకో సంగతి. 2010 మార్చి వరకు సేవింగ్స్ ఖాతా మీద వడ్డీ లెక్క ఒక విచిత్రమైన రూలు ప్రకారం నడిచేది: నెలలో పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ. ఖాతాలో వెయ్యి రూపాయలున్న మనిషి పదకొండో తారీఖున లక్ష వేస్తే, ఆ నెలకి ఆ లక్ష మీద రూపాయి కూడా రాదు. అప్పటి 3.5 శాతం రేటుతో రోజువారీ లెక్క వేసి ఉంటే ఇరవై రోజులకి దాదాపు 192 రూపాయలు వచ్చేవి.

ఈ రూలు ఖాతాదారుల మీద కోపంతో పెట్టింది కాదు. రోజువారీ నిల్వ మీద వడ్డీని చేత్తో లెక్కగట్టడం వేల ఖాతాలున్న బ్రాంచీలో అయ్యే పని కాదు కాబట్టి, నెలకి ఒకే ఒక్క అంకె చూసుకుంటే సరిపోయేలా పెట్టుకున్న సర్దుబాటు. వింతేంటంటే కంప్యూటర్లు వచ్చాక కూడా అదే రూలు కంప్యూటర్‌లో నడిచింది. రోజుకి కోట్ల లెక్కలు చేయగల యంత్రం, చేత్తో లెక్కలు చేసే మనిషికి పుట్టిన ఇబ్బందిని అలాగే పాటిస్తూ వచ్చింది. బ్యాంకుల కంప్యూటరీకరణ తగినంత జరిగిందని చూసుకుని రిజర్వ్ బ్యాంక్ 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ ఇవ్వాలని చెప్పాకే ఆ లాభం జనానికి అందింది.

ఇలాంటి పదో తారీఖు రూళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. మూడు కాపీలు ఎందుకు? కార్బన్ పేపర్ రోజుల్లో మూడు సెక్షన్లకి పంపాలి కాబట్టి. బిల్లులు నెలకి రెండుసార్లే ఎందుకు తీసుకుంటారు? చెక్కుల మీద సంతకం పెట్టే పెద్దాయన ఆ రెండు రోజులే వచ్చేవాడు కాబట్టి. కారణం పోయినా రూలు మిగిలిపోతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే ఇంకా గట్టిపడుతుంది, ఎందుకంటే అప్పటిదాకా "సరేలే" అని వదిలేసే మనిషి ఉండేవాడు, ఇప్పుడు సిస్టం ఒప్పుకోదు.

ఫోర్డ్‌లో బిల్లు లేకుండా పేమెంట్

రూలు మారిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు దశాబ్దాలుగా చెప్పుకుంటున్న ఉదాహరణ అమెరికాలోని ఫోర్డ్ కంపెనీది. 1980ల మొదట్లో సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు చెల్లించే విభాగంలోనే ఫోర్డ్‌కి ఉత్తర అమెరికాలో 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెట్టి అందులో 20 శాతం తగ్గించొచ్చని మొదట అనుకున్నారు. అదే పనికి జపాన్ కంపెనీ మాజ్దాలో ఐదుగురే ఉన్నారని తెలిసింది. మాజ్దా చాలా చిన్న కంపెనీ, ఆ పరిమాణాన్ని సర్దుకుని చూసినా తేడా చాలా ఎక్కువ.

తేడా ఎక్కడుందో చూస్తే, ఫోర్డ్‌లో కొనుగోలు ఆర్డర్ ఒకటి, గోడౌన్‌లో సరుకు దిగినట్టు రసీదు ఒకటి, అమ్మినవాళ్ల బిల్లు ఒకటి, ఈ మూడూ క్లర్క్ టేబుల్ మీదికి వచ్చేవి. మూడింటిలోనూ పద్నాలుగు వివరాలు కలిస్తేనే చెక్కు. ఎక్కువ సమయం కలిసిన కేసుల మీద పోయేది కాదు, కలవనివాటి మీదే పోయేది. కాబట్టి పోల్చే పనిని వేగంగా చేసే యంత్రం పెట్టినా కలవని కేసులు అన్నే ఉండేవి. వాళ్లు చేసింది బిల్లునే తీసేయడం. ఆర్డర్ ఉమ్మడి డేటాబేస్‌లో ఉంటుంది, సరుకు దిగినప్పుడు గేటు దగ్గరి మనిషి అక్కడికక్కడే దాన్ని చూస్తాడు, సరిపోతే దించుకుంటాడు, చెల్లింపు దానంతటదే వెళ్తుంది, సరిపోకపోతే లారీ వెనక్కి. తేడా నెల తర్వాత క్లర్క్ టేబుల్ మీద బయటపడకుండా గేటు దగ్గరే తేలిపోతుంది. ఆ విభాగంలో మనుషుల అవసరం 75 శాతం తగ్గింది.

ఇక్కడా పని మాయమవలేదు. గేటు దగ్గరి మనిషి బాధ్యత పెరిగింది, సరుకు ఇచ్చేవాళ్లు ఆర్డర్ ప్రకారమే కచ్చితంగా పంపాల్సి వచ్చింది. అయితే ఈ చేతులు మారడం తెలిసి చేసింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు, దస్తావేజు రాసేవాళ్లు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబర్‌లో మొదలైన కార్డ్ ప్రాజెక్టు, ఆస్తుల రిజిస్ట్రేషన్‌ను కంప్యూటర్లలోకి తేవడానికి దేశంలోనే ముందు వచ్చిన ప్రయత్నాల్లో ఒకటి. అప్పటిదాకా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజును రికార్డు పుస్తకాల్లోకి చేత్తో ఎత్తిరాసేవారు. ఆ రాత పూర్తయ్యేదాకా అసలు కాగితం చేతికి రాదు. ఆస్తి మీద ఇంతకుముందు జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ కావాలంటే పాత ఇండెక్స్ పుస్తకాలు తిరగేయాలి. ఆస్తి విలువ ఎంత, స్టాంపు డ్యూటీ ఎంత అన్నది మామూలు మనిషికి తెలిసే దారి లేదు, ఆ తెలియకపోవడం మీదే బేరాలు నడిచేవి.

కంప్యూటర్ వచ్చాక విలువ లెక్క సిస్టం వేసింది, దస్తావేజు స్కాన్ అయింది, రోజులు పట్టే ఈసీ నిమిషాల్లోకి వచ్చింది. చేత్తో ఎత్తిరాయాలన్న పాత చట్టం అడ్డొస్తే రాష్ట్రం దాన్ని సవరించుకుంది కూడా, కాబట్టి రూలు అసలు మార్చలేదని అనడానికి లేదు. అయినా ఆఫీసు బయట బల్లలు వేసుకుని కూర్చునే దస్తావేజు రాసేవాళ్లు అలాగే ఉన్నారు, చాలామంది జనం ఇప్పటికీ వాళ్ల దగ్గరికే వెళ్తారు. కారణం సులువుగా కనిపిస్తుంది. ఆటోమేషన్ ఆఫీసు గోడల లోపల జరిగింది. మనిషి కష్టం మాత్రం గోడ బయటే మొదలవుతుంది: దస్తావేజులో ఏ భాష రాయాలి, సరిహద్దులు ఎలా రాయాలి, ఏ కాగితాలు జతచేయాలి, ఎవరిని సాక్షిగా తేవాలి. ఆ భాగం మారనంతకాలం లోపల పని ఎంత వేగంగా జరిగినా మధ్యవర్తి అవసరం పోదు. లోపలివాళ్లతో మాట్లాడే దారి కూడా ఆయనే కాబట్టి చేతులు తడపడం కూడా పూర్తిగా ఆగలేదు.

కొత్త ఆన్‌లైన్ సేవ వచ్చిన ప్రతిసారీ మీసేవ కేంద్రాల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో జరిగేది కూడా ఇదే. దరఖాస్తు ఆన్‌లైన్ అయింది, నింపేవాడు మాత్రం వేరే మనిషే. ఆఫీసు లెక్కల్లో పని తగ్గింది, జనం లెక్కలో ఫీజు ఒకటి పెరిగింది.

తెలిసినవాళ్లను ముందే పంపేస్తే

కెనడా ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాల కోసం 2016లో పెట్టిన ఫీనిక్స్ అనే వ్యవస్థ, ఏది ముందు ఏది తర్వాత అన్న క్రమం తప్పితే ఏమవుతుందో చూపించే కేసు. దాదాపు మూడు లక్షలమంది ఉద్యోగులు, వందకు పైగా ఒప్పందాలు, అన్నీ కలిపి 80 వేలకు పైగా జీతాల రూళ్లు. ఒక్కో శాఖలో జీతాల సంగతి చూసే పాత ఉద్యోగులు ఉండేవారు. ఫలానా ఆవిడ ప్రసూతి సెలవు నుంచి సగం రోజుల పనికి వస్తే ఎలా లెక్కగట్టాలో, ఇన్‌చార్జిగా చేసిన నెలకి ఎంత కలపాలో వాళ్లకి నోటికి తెలుసు. ఏడాదికి 7 కోట్ల డాలర్లు మిగులుతాయన్న లెక్కతో దాదాపు 1,200 మందిని ముందే తగ్గించి, పనిని మిరమిషి అనే చిన్న పట్టణంలోని ఒకే కేంద్రానికి తరలించారు. ఖర్చు, గడువు తప్పకూడదని సాఫ్ట్‌వేర్‌లో ఉండాల్సిన కొన్ని సౌకర్యాలు కోసేశారు. ఒక శాఖలో ముందుగా చేసి చూద్దామనుకున్న ప్రయోగాన్నీ రద్దు చేశారు.

తర్వాత కొందరికి జీతమే రాలేదు, కొందరికి ఎక్కువ వచ్చి తర్వాత వెనక్కి అడిగారు. 2017 మధ్యకల్లా లక్షన్నర మందికి పైగా ఉద్యోగులు తమ జీతం సరిచేయమని ఎదురుచూస్తున్నట్టు అక్కడి ఆడిటర్ జనరల్ తేల్చారు. ఆ తర్వాత జీతాల మనుషుల్ని మళ్లీ వందల్లో తీసుకోవాల్సి వచ్చింది. ఏడాదికి 7 కోట్లు మిగల్చాల్సిన వ్యవస్థ మీద వందల కోట్ల డాలర్లు పోయాయి.

సాధారణ కేసుల్లో యంత్రం బాగానే పనిచేస్తుంది కాబట్టి డెమోలో అందరూ సంతోషిస్తారు. నిజం పరీక్ష మినహాయింపుల దగ్గర. నూటికి తొంభై కేసులు యంత్రం చూసుకుంటే మిగిలిన పది కేసులు పాత వందలో పది కంటే కష్టమైనవి, ఎందుకంటే సులువైనవన్నీ వెళ్లిపోయాయి. ఆ పదీ చూడాలంటే ఎక్కువ అనుభవం కావాలి. కానీ ఆ అనుభవం వచ్చేది సులువైన తొంభై చేస్తూ చేస్తూ. కొత్తగా చేరిన కుర్రాడికి ఇప్పుడు ఆ తొంభై దొరకవు. ఐదేళ్ల తర్వాత ఆ కష్టమైన కేసులు ఎవరు చూస్తారన్న ప్రశ్నకి చాలా సంస్థల దగ్గర జవాబు లేదు.

నిర్ణయం కూడా యంత్రానికే వదిలితే

ఇక్కడికొచ్చేసరికి నష్టం ఆఫీసు దాటి జనం మీద పడుతుంది. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని పేరుపడ్డ పథకం 2015లో చిన్నగా మొదలై 2016 నుంచి పెద్ద ఎత్తున నడిచింది. ప్రభుత్వ సాయం తీసుకున్నవాళ్లు ఆదాయం తక్కువ చూపించారేమో పట్టుకోవడం దాని పని. పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకి సమానంగా పంచి, మనిషి పక్షానికోసారి చెప్పిన ఆదాయంతో పోల్చేది. ఏడాదిలో మొదటి ఆరు నెలలు పనిచేసి 26,000 డాలర్లు సంపాదించి, తర్వాతి ఆరు నెలలు పని లేక సాయం తీసుకున్న మనిషి ఆ ఆరు నెలల్లో ఆదాయం సున్నా అని నిజమే చెప్పాడు. యంత్రం లెక్కలో మాత్రం ప్రతి పక్షానికీ వెయ్యి డాలర్లు వచ్చినట్టు తేలుతుంది, కాబట్టి తీసుకున్న సాయం అప్పు అయిపోతుంది. ఇంతకుముందు ఇలాంటి తేడా కనిపిస్తే ఉద్యోగి ఆ మనిషి పనిచేసిన కంపెనీని అడిగి కనుక్కునేవాడు. ఇప్పుడు ఏళ్లనాటి జీతం చీటీలు తెచ్చి అప్పు లేదని నిరూపించుకోవాల్సిన భారం ఆ మనిషి మీద పడింది. 2019 నవంబర్‌లో కోర్టు ఈ లెక్క చెల్లదంది. వసూలు చేసిన 70 కోట్లకు పైగా డాలర్లు తిరిగివ్వాల్సి వచ్చింది. 2023 జూలైలో రాయల్ కమిషన్ నివేదిక ఈ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నిరుద్యోగ భృతి మోసాల్ని పట్టడానికి పెట్టిన వ్యవస్థ 2013 నుంచి 2015 దాకా మనిషి చూడకుండానే వేలమందిని మోసగాళ్లుగా తేల్చింది. తర్వాత రాష్ట్రమే 22 వేలకు పైగా కేసులు తిరగేస్తే 93 శాతం తప్పని తేలింది. తెలంగాణలోనూ కంప్యూటర్ డేటా ఆధారంగా రద్దైన రేషన్ కార్డుల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దు చేసినవాటిని ఇంటింటికీ వెళ్లి చూసి తేల్చాలని 2022లో కోర్టు ఆదేశించింది. లక్షల కుటుంబాల బియ్యానికి సంబంధించిన విషయంలో ఆ ఇంటిముఖం చూసే పని మొదటే జరిగి ఉండాల్సింది.

దారం తెగితే ఆగే మగ్గం

జపాన్‌లో టొయోటా కార్ల కంపెనీకి మూలపురుషుడైన సకిచి టొయోడా మొదట మగ్గాలు తయారుచేసేవాడు. 1924లో వచ్చిన ఆయన ఆటోమేటిక్ మగ్గంలో పడుగులో గానీ పేకలో గానీ దారం తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. ఆగకపోతే గజాలకొద్దీ పాడైన గుడ్డ నేసేస్తుంది, ఇది చేనేత, మరమగ్గాల మధ్య పెరిగిన ఎవరికైనా వెంటనే అర్థమయ్యే విషయం. మగ్గం ఆగుతుంది కాబట్టి ప్రతి మగ్గం దగ్గరా ఒకరు కాపలా ఉండక్కర్లేదు, ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోవచ్చు. మనిషి శ్రమ తగ్గించింది యంత్రం వేగం కంటే ఎక్కువగా ఆ ఆగే గుణమే. టొయోటా కార్ల ఫ్యాక్టరీలు ఈ సూత్రాన్నే ఇప్పటికీ పాటిస్తాయి, తేడా కనిపిస్తే లైన్ ఆపే అధికారం అక్కడ పనిచేసే మనిషికి ఉంటుంది.

రోబోడెట్‌కీ ఈ మగ్గానికీ తేడా ఒక్కటే చోట ఉంది. తేడా వచ్చినప్పుడు మగ్గం ఆగి మనిషిని పిలుస్తుంది, రోబోడెట్ ఆగకుండా నోటీసు పంపుతుంది.

ఉద్యోగాల లెక్క

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లని నమ్మకపోవడమే మేలు. అమెరికాలో ఏటీఎంలు వచ్చాక పట్టణ బ్రాంచీకి సగటు టెల్లర్ల (కౌంటర్‌లో డబ్బు ఇచ్చిపుచ్చుకునే ఉద్యోగుల) సంఖ్య 1988 నుంచి 2004 లోపు 20 నుంచి 13కి తగ్గింది. బ్రాంచీ నడిపే ఖర్చు తగ్గడంతో బ్యాంకులు పట్టణాల్లో 43 శాతం ఎక్కువ బ్రాంచీలు తెరిచాయి, దాంతో మొత్తం టెల్లర్ల సంఖ్య అంతగా పడిపోలేదు. దీన్ని చూపించి ఆటోమేషన్ ఉద్యోగాలు తీసేయదని చాలామంది వాదించారు. తర్వాత ఫోన్లలోకి బ్యాంకు వచ్చాక బ్రాంచీ అవసరమే తగ్గి టెల్లర్లూ తగ్గడం మొదలైంది. ఒకే ఉద్యోగం గురించి రెండు వేర్వేరు కాలాలు రెండు వేర్వేరు జవాబులు ఇచ్చాయి.

మన దగ్గర ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాల కింద దాదాపు లక్షమంది బయటికెళ్లారు. కంప్యూటర్ ఒక్కటే దానికి కారణం కాదు, సిబ్బంది ఎక్కువున్నారన్న వాదన అప్పటికే ఉంది. కానీ వెళ్లినవాళ్లు అనుభవం ఉన్నవాళ్లు. 1983 నుంచి పదేళ్లు సాగిన చర్చల్లో సంఘాలు ఆలస్యం చేశాయని విమర్శ ఉంది, అది కొంత నిజం కూడా. ఆ ఆలస్యంలోనే ఉద్యోగులకి శిక్షణ, ప్రత్యేక అలవెన్సు, ఉద్యోగం పోదన్న భరోసా వచ్చాయన్నదీ నిజమే. ఇప్పటి బ్యాక్ ఆఫీసుల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకి అలా కూర్చుని మాట్లాడే బల్ల లేదు, ఈ దఫా ఆటోమేషన్‌లో అన్నిటికంటే ఆందోళన కలిగించే తేడా ఇదే.

మొదలుపెట్టే ముందు

ఇన్ని కేసుల్లోంచి బయటికొచ్చే పద్ధతి పెద్ద బడ్జెట్ అడిగేది కాదు. ఏ పనిని యంత్రానికి ఇవ్వాలనుకుంటున్నారో ఆ పని ఒక నెల రోజులు ఎలా జరుగుతుందో రాసిపెట్టాలి, అదీ మాన్యువల్‌లో ఉన్నట్టు కాకుండా సీట్లో కూర్చున్న మనిషి చేస్తున్నట్టు. ఎన్నిసార్లు ఫోన్ చేసి కనుక్కున్నారు, ఎన్నిసార్లు "ఈసారికి ఇలా కానిద్దాం" అన్నారు, ఏ కాగితం లేకపోయినా తీసుకున్నారు, ఎవరి పేరు చూసి ఆగారు. ఈ వివరాలు పైఅధికారుల మీటింగ్‌లో బయటికి రావు. సీట్లో ఉన్నవాళ్లు కూడా తమ ఉద్యోగం భద్రమని నమ్మితేనే చెబుతారు, లేకపోతే దాచుకుంటారు, అందులో తప్పు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడపాలి. లెడ్జర్ మెషీన్లు వచ్చిన రోజుల్లో బ్యాంకులు ఇలాగే చేశాయి, క్లర్కులు పుస్తకంలోనూ రాసి మెషీన్‌లోనూ కొట్టి సాయంత్రం రెండూ పోల్చేవారు. పని రెట్టింపు, విసుగు, ఓవర్‌టైమ్ ఖర్చు. కెనడా ఈ మెట్టునే తప్పించింది. ఇప్పుడు వస్తున్న ఏఐ ఏజెంట్లకి, అంటే ఏం చేయాలో తామే తేల్చుకుంటూ పనిచేసే ప్రోగ్రామ్‌లకి, ఈ మెట్టు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే పాత బాట్ తప్పు చేస్తే ఒకే రకం తప్పు పదేపదే చేస్తుంది, పట్టుకోవచ్చు. ఏజెంట్ ఒక్కో కేసులో ఒక్కో రకంగా తప్పు చేయొచ్చు, అదీ చక్కటి భాషలో రాసి.

చివరిగా కాంట్రాక్టులో ఒక లైను. తేడా కేసు వచ్చినప్పుడు అది ఎవరి టేబుల్‌కి వెళ్తుంది, ఎన్ని రోజుల్లో తేలాలి, అప్పటిదాకా కస్టమర్ జీతమో భృతో బియ్యమో ఆగుతుందా నడుస్తుందా. సాఫ్ట్‌వేర్ కొనే కాగితాల్లో ఎన్ని లావాదేవీలు సెకనుకి చేస్తుందన్నది పేజీలకొద్దీ ఉంటుంది, ఈ లైను మాత్రం చాలావాటిలో ఉండదు. ఉన్నచోట కూడా ఆ టేబుల్ దగ్గర కూర్చునే మనిషికి సిస్టం ఇచ్చిన జవాబును మార్చే అధికారం ఉందో లేదో చూడాలి. "సిస్టం తీసుకోవట్లేదండీ" అని చెప్పడం వరకే ఆయన పని అయితే, ఆ కుర్చీ ఉన్నా ఖాళీగా ఉన్నట్టే.